‘యాంగ్రీ మాంక్’ను బుద్ధపూర్ణిమకి మన ఊళ్ళో వేయొచ్చా? తెలుగు సబ్‌టైటిళ్ళ సంగతి కూడా

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. గుంటూరు దగ్గర మీకో చిన్న ఫిల్మ్ క్లబ్ ఉంది, ప్రదర్శనకి అరవై, డెబ్భై మంది వస్తారు. టిబెట్ భిక్షువు, చిత్రకారుడు గెందున్ చోఫెల్ మీద స్విస్ దర్శకుడు లూక్ షేడ్లర్ 2005లో తీసిన ‘యాంగ్రీ మాంక్’ అనే డాక్యుమెంటరీని బుద్ధపూర్ణిమ సాయంత్రం వేద్దామనుకుంటున్నారు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు అందరికీ అందవు కాబట్టి తెలుగులో మీరే చేసుకుంటామంటున్నారు. భక్తి సినిమా అనుకుని వచ్చినవాళ్ళు మధ్యలో లేచిపోతారేమోనని మీ భయం.

వేయండి. తప్పకుండా వేయవలసిన సినిమా. కానీ బుద్ధపూర్ణిమ నాడు వద్దు, ఆ తర్వాతి ఆదివారం పెట్టుకోండి. పూర్ణిమ నాడు విహారానికి వెళ్ళి, దీపం పెట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు ఒకలాంటి మనసుతో వస్తారు. దీక్ష వదిలేసిన, కామశాస్త్రం రాసిన, తాగుడుతో ఆరోగ్యం పోగొట్టుకున్న మనిషి కథ ఆ పూట వాళ్ళకి అవమానంలా తగులుతుంది. వారం తర్వాత అదే మనుషులు అదే కథని శ్రద్ధగా వింటారు. సినిమాకి ముందు ఎనిమిది నిమిషాల మాట ఉండాలి. సబ్‌టైటిళ్ళకి కనీసం ఆరు వారాలు పెట్టుకోవాలి. ఇప్పుడు ఒక్కొక్కటి వివరంగా చెప్తాను.

అనుమతి ముందు, అనువాదం తర్వాత. ఇంట్లో చూడ్డానికి కొన్న డిస్కు, డబ్బు కట్టి దింపుకున్న ఫైలు, రెండూ పదిమందికి చూపే హక్కు ఇవ్వవు. సబ్‌టైటిళ్ళు చేయడానికి కూడా హక్కుదారు ఒప్పుకోవాలి. నిర్మాతకి ఒకే ఉత్తరంలో మూడు అడగండి: ఒక్క ప్రదర్శనకి అనుమతి, సినిమాలోని మాటల పూర్తి పాఠం, బొమ్మ మీద అక్షరాలు అచ్చుపడని కాపీ. ఎంతమంది వస్తారో, టికెట్ ఉందో లేదో స్పష్టంగా రాయండి. టికెట్ లేని చిన్న క్లబ్బులకి డాక్యుమెంటరీ నిర్మాతలు చాలామంది తక్కువ రుసుముతో ఇస్తారు. ఇంకో సంగతి: మన దేశంలో సెన్సార్ సర్టిఫికెట్ లేని సినిమాని బహిరంగంగా ప్రదర్శించాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపు కావాలి. మీ క్లబ్ ఫెడరేషన్ ఆఫ్ ఫిల్మ్ సొసైటీస్ ఆఫ్ ఇండియాలో సభ్యురాలైతే వాళ్ళని అడగండి, దారి చెప్తారు. కాకపోతే ఈ పనే అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి. అన్నీ అయ్యాక చివరి వారంలో ఆగిపోయేది ఇక్కడే.

ఇక మనిషి గురించి. ముందుమాట చెప్పేవాళ్ళకి ఇది బాగా తెలిసి ఉండాలి. ఎందుకంటే సినిమా ఆయన జీవితాన్ని పుట్టుక నుంచి చావు దాకా పాఠంలా చెప్పదు. ఆయన నడిచిన దారిలో ప్రయాణిస్తూ, అప్పటి టిబెట్టునీ ఇప్పటి టిబెట్టునీ పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. పాత ఫిల్ముల తునకలు, ఎరిగినవాళ్ళ జ్ఞాపకాలు, లారీలూ దుకాణాలూ నిండిన ఇవాళ్టి వీధులు కలిసిపోయి వస్తాయి. కాలక్రమం తెలియనివాళ్ళు పావుగంటలో దారి తప్పుతారు.

గెందున్ చోఫెల్ 1903లో ఆమ్దో ప్రాంతంలోని రెబ్‌కోంగ్‌లో పుట్టాడు. ఆమ్దో అనే పేరు ఇవాళ్టి చైనా పటంలో కనపడదు, అది ఎక్కువగా చింగ్‌హై, గాన్సు రాష్ట్రాల్లో ఉంది. రెబ్‌కోంగ్ ఇప్పుడు తోంగ్‌రెన్. తండ్రి తంత్రసాధకుడు, సంసారి. కొడుకుని ఒక లామాకి పునర్జన్మగా గుర్తించారు. లాబ్రంగ్ మఠంలో చదువుతూ వాదంలో మేటి అని పేరు తెచ్చుకున్నాడు, మఠం పాఠ్యగ్రంథాలనే ప్రశ్నించి అక్కడ ఉండలేక బయటపడ్డాడు. 1927లో లాసా చేరి ద్రెపుంగ్ మఠంలోని గోమంగ్ విద్యాలయంలో కుదిరాడు. గురువు షెరబ్ గ్యాత్సో. పాఠం పాఠంలా సాగేది కాదు, గురువూ శిష్యుడూ వాదులాడుకునేవాళ్ళు. గురువు ఆయన్ని పేరుపెట్టి పిలవడం మానేసి ‘పిచ్చివాడు’ అనేవాడని చెప్తారు. బొమ్మలు వేసి పొట్టపోసుకున్నాడు. మఠం చదువులో పెద్ద పట్టా అయిన గెషె పరీక్షకి కూర్చోకుండానే 1934లో వెళ్ళిపోయాడు.

ఆ ఏడాదే రాహుల్ సాంకృత్యాయన్ కలిశాడు. ‘ఓల్గా నుంచి గంగకు’ చదివిన తెలుగు పాఠకులకి రాహుల్ పరిచయం అక్కర్లేదు. మన దేశంలో నశించిపోయి టిబెట్ మఠాల్లో మిగిలిన సంస్కృత తాళపత్రాల కోసం రాహుల్ తిరుగుతున్న రోజులవి. ఆయనకి టిబెట్ పాండిత్యం ఉన్న తోడు కావాలి, ఈయనకి బయటి ప్రపంచం కావాలి. ఇద్దరూ కలిసి మఠాలు తిరిగి, నేపాల్ మీదుగా భారతదేశం వచ్చారు. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఆయన ఇక్కడే, మధ్యలో కొంతకాలం శ్రీలంకలో. సంస్కృతం, పాళీ, ఇంగ్లీషు నేర్చాడు. ధమ్మపదాన్ని పాళీ నుంచి టిబెటన్‌లోకి తెచ్చాడు. బౌద్ధక్షేత్రాల మార్గదర్శిని ఒకటి రాస్తే 1939లో కలకత్తా మహాబోధి సొసైటీ వేసింది. అందులో ఏ స్టేషన్‌లో దిగాలి, అక్కణ్ణించి ఎటు పోవాలి అనేది యాత్రికుడి అవసరం చూసి చెప్పాడు. కులూ లోయలోని నగ్గర్‌లో రష్యన్ పండితుడు జార్జ్ రోరిక్ పక్కన కూర్చుని టిబెట్ బౌద్ధచరిత్ర మహాగ్రంథం ‘నీలి వృత్తాంతం’ ఇంగ్లీషు అనువాదానికి పనిచేశాడు. 1949లో అది అచ్చయినప్పుడు అట్ట మీద ఉన్న పేరు రోరిక్‌ది. ఈయన పేరు ముందుమాటలోని కృతజ్ఞతల్లో ఉంది. ఈ ఒక్క సంగతి చెప్పండి చాలు, ‘ఆగ్రహం’ ఎక్కణ్ణించి వచ్చిందో ప్రేక్షకులకి సగం అర్థమవుతుంది.

బెంగాల్ కొండల్లోని కాళింపోంగ్‌లో థార్చిన్ అనే క్రైస్తవుడు నడిపిన టిబెటన్ పత్రిక ‘మెలోంగ్’లో, అంటే అద్దంలో, 1938లో ‘భూమి గుండ్రంగా ఉంది’ అని వ్యాసం రాశాడు. మేరుపర్వతం నడిమధ్యన ఉన్న బల్లపరుపు లోకం మీద నమ్మకమున్న పాఠకులకి రాసిన వ్యాసం అది. బుద్ధుడు ఆనాటి వాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పాడు, దాన్నే పట్టుకుని వేలాడొద్దు అని ఆయన వాదం. మతాన్ని వదిలేసినవాడి వాదం కాదిది, మతాన్ని లోతుగా చదివినవాడిది. సినిమా చూసేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఈ ఒక్క చోటే. తిరుగుబాటు చేశాడు కాబట్టి ఆయన బౌద్ధం వదిలేశాడనుకుంటారు. ఆయన వదిలింది భిక్షుదీక్షని. చివరి రోజుల్లో శిష్యుడికి చెప్పిన పాఠాలే ‘నాగార్జునుడి ఆశయానికి అలంకారం’ అనే గ్రంథమయ్యాయి. అది నాగార్జునుడి మాధ్యమిక దర్శనం, శూన్యత గురించినది.

కాళింపోంగ్‌లో ఉండగానే రాజకీయాల్లోకి వచ్చాడు. పంగ్దా రప్గా అనే నాయకుడు, చైనా జాతీయవాద నేత సున్ యాట్-సెన్ సిద్ధాంతాల ప్రేరణతో నడిపిన టిబెట్ అభ్యుదయ పక్షానికి కొడవలి, కత్తి, మగ్గం ఉన్న గుర్తు గీసి ఇచ్చాడు. 1946లో లాసా తిరిగివెళ్ళిన కొద్ది నెలలకే దొంగనోట్లు ముద్రించాడన్న అభియోగంతో అరెస్టు చేశారు. కొరడాదెబ్బలు, పోతల ప్రాసాదం కింద షోల్ చెర. అప్పటికి ‘శ్వేత వృత్తాంతం’ అనే చరిత్ర రాస్తున్నాడు. తున్‌హువాంగ్ గుహల్లో దొరికిన పాత పత్రాల ఆధారంగా టిబెట్ సామ్రాజ్యకాలాన్ని తిరగరాసే పని అది. అది అసంపూర్ణంగా ఆగిపోయింది. రాసుకున్న కాగితాలు దాచుకున్న పెట్టె పోయింది. 1949లో విడుదలయ్యాడు. తాగుడు పెరిగింది, ఒళ్ళు చెడింది. చైనా సైన్యం లాసాలోకి వచ్చిన కొద్ది వారాలకి, 1951 అక్టోబరులో పోయాడు. నలభై ఎనిమిదేళ్ళు.

ఇదంతా ముందుమాటలో చెప్పకండి. ఎనిమిది నిమిషాల్లో నాలుగు చాలు: ఎక్కడ పుట్టాడు, ఎందుకు ఇండియా వచ్చాడు, జైల్లో పెట్టింది టిబెట్ ప్రభుత్వమే గానీ చైనా కాదు, బొమ్మలు చాలావరకు పోయాయి. మూడోది చెప్పకపోతే చాలామంది అలవాటుగా చైనా పెట్టిందనుకుంటారు, ఆ తర్వాతి అరగంట వాళ్ళకి తలకిందులుగా అర్థమవుతుంది. అరెస్టయింది 1946లో. చైనా సైన్యం తూర్పు టిబెట్‌లోని ఛామ్దో మీదకి వచ్చింది 1950 అక్టోబరులో. ఈ రెండు తేదీలు బోర్డు మీద రాసి ఉంచండి. గోడకి ఒక పెద్ద పటం కూడా తగిలించండి, మూడడుగుల వెడల్పు ఉంటే వెనక వరుసకీ కనపడుతుంది. రెబ్‌కోంగ్, లాబ్రంగ్, లాసా, కాళింపోంగ్, కలకత్తా, నగ్గర్, శ్రీలంక, ఈ ఏడే గుర్తించండి.

సబ్‌టైటిళ్ళు. సినిమా 97 నిమిషాలు. మాటలు ఎక్కువున్న డాక్యుమెంటరీకి తొమ్మిదొందల నుంచి పన్నెండొందల దాకా సబ్‌టైటిళ్ళు పడతాయి. కొత్తవాళ్ళకి పది నిమిషాల సినిమాకి నాలుగైదు గంటలు పడుతుంది, అంటే మొత్తం నలభై, యాభై గంటలు. ఇద్దరు పంచుకోండి గానీ ఐదుగురు వద్దు. మనుషులు పెరిగినకొద్దీ ఒకే పేరు ఐదు రకాలుగా వస్తుంది. చివరి సవరణ మాత్రం ఒక్కరే చేయాలి, మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపున.

తెలుగులో సబ్‌టైటిల్ పొడవుని సాఫ్ట్‌వేర్ చూపే లెక్కతో కొలవకండి. అది గుణింతాలనీ ఒత్తులనీ విడివిడిగా లెక్కపెడుతుంది. ‘లక్ష్మి’లో ‘క్ష్మి’ మనకి ఒక్క అక్షరం, దానికి ఆరు. పలికే అక్షరాలనే లెక్కపెట్టండి. వరుసకి 20 నుంచి 22, రెండు వరుసలకి మించకూడదు, సెకనుకి ఆరేడు అక్షరాలు. రెండు వరుసలు నిండితే ఆరు సెకన్లు తెర మీద ఉండాలన్నమాట. ఒకే మాట ఉన్నా సెకను కంటే తక్కువ ఉంచకండి, ఏడు సెకన్లు మించితే ముక్కలు చేయండి. వాక్యం పట్టకపోతే వేగం పెంచొద్దు, మాటలు తగ్గించండి. ఇంటర్వ్యూల్లో ‘నాకు గుర్తున్నంతవరకు’, ‘ఆ రోజుల్లో ఏమైందంటే’ లాంటివి తీసేసినా ఏమీ పోదు. కానీ పేరు, ఏడాది, ఊరు ఎప్పుడూ తీయొద్దు.

వరుసని విరిచేచోటు ముఖ్యం. ‘మఠం నుంచి వెళ్ళగొట్టిన / తర్వాత’ అని విరిస్తే చదివేవాడి ఊపిరి తెగుతుంది. క్రియ వచ్చాకో, పేరు పూర్తయ్యాకో విరవండి. విభక్తిని పేరు నుంచి విడదీసి కింది వరుసలో వేయొద్దు.

ఇక అనువాదంలో గుంటలు. ఇంగ్లీషు సబ్‌టైటిల్ చూసి తెలుగు చేస్తారు కాబట్టి, అసలు మన దగ్గర్నుంచి వెళ్ళిన మాటలు ఇంగ్లీషు వేషం వేసుకుని తిరిగొస్తాయి. వాటిని మళ్ళీ ఇంటిపేరుతోనే పిలవండి. ‘ఎంప్టీనెస్’ వస్తే ఖాళీతనం కాదు, శూన్యత. ‘కంపాషన్’ జాలి కాదు, కరుణ. ‘వౌ’ (vow) ఒట్టు కాదు, దీక్ష. ‘భిక్షుదీక్ష విడిచాడు’ అంటే చక్కగా ఉంటుంది, ‘ఒట్టు తప్పాడు’ అంటే మోసం చేశాడని వినపడుతుంది. ‘మాంక్’కి సన్యాసి వద్దు, భిక్షువే సరి. అన్నిటికంటే పెద్ద గుంట ‘వినయం’. బౌద్ధంలో వినయమంటే సంఘ నియమావళి, మన వాడుకలో అణకువ. ‘ఆయన వినయం పాటించలేదు’ అని రాస్తే పొగరుబోతు అని అర్థమవుతుంది. ‘సంఘ నియమాలు’ అని విప్పి రాయండి.

లామా, భిక్షువు ఒకటి కాదు. లామా అంటే గురువు. మఠంలో ఉన్న ప్రతి భిక్షువూ లామా కాదు. ‘ట్రుల్కు’ అని వస్తే మొదటిసారి ‘పునర్జన్మ లామా’ అని వేయండి, ఆ తర్వాత ట్రుల్కు అన్నా ఫరవాలేదు. గెషె అనేది పట్టా, పేరు కాదు. మఠంలో చప్పట్లు చరుస్తూ అరుచుకునే దృశ్యాలకి ‘చర్చ’ సరిపోదు, ‘వాదం’ అనండి. నిలబడి చప్పట్లు చరిచేవాడు ప్రశ్న వేసేవాడు, కూర్చున్నవాడు తన పక్షం నిలబెట్టుకునేవాడు. ఇది ముందుమాటలో ఒక్క వాక్యంలో చెప్పండి, లేకపోతే కొట్లాట అనుకుంటారు.

తిండి పేర్లకి మనకి మంచి మాటలున్నాయి. ‘త్సంపా’ అంటే వేయించిన బార్లీ పిండి. తొలి ఏకాదశి నాడు పేలపిండి తినే జనానికి ‘బార్లీ పేలపిండి’ అంటే నోటికి అందుతుంది. ‘ఛాంగ్’ పులియబెట్టినది, కాచి దింపినది కాదు. కాబట్టి సారా అని రాయొద్దు, ‘బార్లీ కల్లు’ దగ్గరగా ఉంటుంది.

పేర్ల పట్టిక ఒక కాగితం మీద ముందే రాసుకోండి. టిబెటన్ రాత వేరు, పలుకు వేరు. పేరు రాతలో ‘ద్గె-దున్-ఛోస్-ఫెల్’ లాగా ఉంటుంది, ఇంగ్లీషువాళ్ళు దాన్ని అరడజను రకాలుగా రాస్తారు. అవి చూసి ఒకచోట గెడున్, ఇంకోచోట గెందున్, మరోచోట చోపెల్ అని వేస్తే ముగ్గురు మనుషులనుకుంటారు. గెందున్ చోఫెల్ అని ఒకటే పెట్టుకోండి. గెందున్ అంటే సంఘం, చోఫెల్ అంటే ధర్మవృద్ధి. సంఘంలో ఇమడలేనివాడి పేరు అది. ముందుమాటలో ఈ అర్థం చెప్తే పేరు గుర్తుండిపోతుంది.

గౌరవవాచకం గురించి మీరు అడగలేదు గానీ ఇది నన్ను ఎప్పుడూ కదిలించే విషయం. ఇంగ్లీషులో అందరూ ‘హీ’. టిబెటన్‌లో మనలాగే మన్నన మాటలున్నాయి. మామూలుగా ‘అన్నాడు’ ఒక క్రియ, పెద్దవాళ్ళ గురించి చెప్పేటప్పుడు ‘సుంగ్’ అనే వేరే క్రియ, అంటే ‘సెలవిచ్చారు’. ఇంటర్వ్యూల్లో పెద్దవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు చెవిపెట్టి వినండి. ‘సుంగ్’ వినపడితే ‘ఆయన అన్నారు’ అని వేయండి. ప్రభుత్వం దండించిన, ఊరంతా తాగుబోతు అన్న మనిషి గురించి దశాబ్దాల తర్వాత కూడా మన్నన తగ్గకుండా మాట్లాడతారు. తెలుగు సబ్‌టైటిల్ ఆ మన్ననని తిరిగి ఇవ్వగలదు. ‘అతను అన్నాడు’ అని వేసేస్తే ఆ అవకాశం పోతుంది.

సినిమా పేరు కూడా ఇలాంటిదే. ‘కోపిష్టి సన్యాసి’ అని పోస్టర్ వేయకండి. కోపిష్టి అంటే స్వభావం. ఈయన కోపానికి కారణాలున్నాయి. ‘ధర్మాగ్రహం’ అన్న మాట మన నోట్లో సిద్ధంగా ఉంది గానీ, అది సినిమా చెప్పకముందే తీర్పు చెప్పేస్తుంది. ‘ఆగ్రహ భిక్షువు’ చాలు, కింద చిన్న అక్షరాల్లో అసలు పేరు వేయండి.

సాంకేతికంగా ఎక్కువగా పాడయ్యేవి రెండు. మొదటిది వేగం. యూరప్ కాపీలు మామూలుగా సెకనుకి 25 ఫ్రేములు. మీ దగ్గరున్న ఫైలుని ఎవరైనా 24కి మార్చి ఉంటే సినిమా 101 నిమిషాలకి సాగుతుంది. 25కి చేసిన సబ్‌టైటిళ్ళు పదో నిమిషానికి 25 సెకన్లు, చివరికి నాలుగు నిమిషాలు ముందు పరుగెత్తుతాయి. మొదటి నిమిషంలో సరిగ్గానే కనపడతాయి కాబట్టి ఎవరూ గమనించరు. అందుకని పరీక్ష ఎప్పుడూ చివరి ఐదు నిమిషాల్లో చేయండి. జరిగితే సమయాలన్నిటినీ 1.0417తో గుణిస్తే సరిపోతుంది, సబ్‌టైటిల్ సాఫ్ట్‌వేర్లలో ఆ మీట ఉంటుంది. ముందుకో వెనక్కో జరపడంతో మాత్రం కుదరదు.

రెండోది అక్షరాలు. ఫైలుని యూటీఎఫ్-8లో దాచకపోతే పిచ్చి గుర్తులు వస్తాయి, కంప్యూటర్లో తెలుగు ఫాంట్ లేకపోతే డబ్బాలు వస్తాయి, ప్లేయర్‌కి తెలుగు కూర్పు చేతకాకపోతే ఒత్తులు విడిపోయి ‘సన్యాసి’ కాస్తా ‘సన్ యాసి’ అవుతుంది. హాల్లో ఉన్న కంప్యూటర్‌ని నమ్ముకోకండి. హక్కుదారు ఒప్పుకుంటే ప్రదర్శన కాపీలో తెలుగుని బొమ్మ మీదే అచ్చువేసి తీసుకెళ్ళండి. నోటో సాన్స్ తెలుగు లాంటి లావుపాటి ఫాంట్, తెల్ల అక్షరం, చుట్టూ సన్నని నల్ల గీత. 1080 వరుసల బొమ్మకి 54 నుంచి 60 సైజు బాగుంటుంది. ఇంగ్లీషుకి వదిలే ఖాళీ మనకి చాలదు. పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్ని తాకుతాయి, కింది వరుస ఒత్తులు తెర అంచున తెగిపోతాయి. వరుసల మధ్య ఎడం పెంచి, అడుగున మరో 60 పిక్సెళ్ళు వదలండి. దొరికిన కాపీలో ఇంగ్లీషు అక్షరాలు అచ్చుపడే ఉంటే వాటి మీద తెలుగు వేయకండి. బొమ్మని కాస్త చిన్నది చేసి కింద నల్ల పట్టీ తెచ్చుకుని అందులో వేయండి.

బొమ్మల సంగతి. ‘చిత్రకారుడు’ అని పోస్టర్ మీద వేస్తే బొమ్మలు చూపించమంటారు. మిగిలినవి కొద్దిగానే, ఎక్కువగా పెన్సిల్ గీతలు, నీటిరంగులు: మనుషులు, ముఖాలు, ప్రయాణంలో చూసినవి. సాధారణంగా టిబెట్ భిక్షువు వేసేది థంకా. నూలుగుడ్డకి జిగురు, సుద్ద పూసి, నునుపుగా రుద్ది, దేవతామూర్తిని కొలతల గళ్ళలో కూర్చి వేస్తారు. మన చేర్యాల నకాషీలు గుడ్డకి చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి పటం సిద్ధం చేసే పద్ధతి దానికి దూరపు చుట్టం లాంటిది. గెందున్ చోఫెల్‌కి ఆ కొలతలన్నీ తెలుసు. తెలిసే, కొలతలు పక్కనపెట్టి ఎదురుగా ఉన్న మనిషిని చూసి గీశాడు. ఆ కాలపు టిబెట్‌లో అది కొత్త చూపు. 2003లో లాసాలో ఇప్పటి కళాకారులు కొందరు తమ సంఘానికి ఆయన పేరే పెట్టుకున్నారు. హాలు బయట ఒక చేర్యాల పటాన్నీ ఒక థంకా ఫోటోనీ పక్కపక్కన తగిలించండి. సినిమాలో ఆయన గీతలు వచ్చేసరికి తేడా కళ్ళకే తెలుస్తుంది, మీరు చెప్పక్కర్లేదు.

సినిమా అయ్యాక వచ్చే ప్రశ్నలు. కమ్యూనిస్టా అని తప్పక అడుగుతారు. పక్షం గుర్తులో కొడవలి ఉంది గానీ దాని మూలం సున్ యాట్-సెన్ అని చెప్పండి. ఆయన్ని ఇవాళ రెండు పక్షాలూ తమవాడే అంటాయి. పాత టిబెట్ ఛాందసాన్ని ఎండగట్టాడని చైనా వైపు, టిబెట్ చరిత్రకి ఆత్మగౌరవం ఇచ్చాడని ప్రవాసుల వైపు. ఈ సినిమాకీ ఒక పక్షం ఉంది: టిబెట్ అంటే శాంతి, ధ్యానం, మంచుకొండలు అన్న పాశ్చాత్యుల కలని చెరపడం. ఆ పని బాగా చేసింది. అయితే ఆ తొందరలో ఆయనలోని దార్శనికుడు కొంచెం వెనక్కి జరుగుతాడని నా అభిప్రాయం. అందుకే చర్చలో నాగార్జునుడి మీద ఆయన గ్రంథం మాట మీరే ఎత్తండి.

కామశాస్త్రం గురించి అడిగితే దాటవేయకండి. 1930ల చివర సంస్కృత గ్రంథాలు చదివి పద్యాల్లో రాశాడు, 1967లో గానీ ఢిల్లీలో అచ్చుకాలేదు. అంతకుముందు మిఫమ్ అనే గొప్ప పండితుడు రాసినది చదువుతో వచ్చినదనీ, తనది అనుభవంతో వచ్చినదనీ దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. ఇంతకంటే వివరం పిల్లలున్న హాల్లో అక్కర్లేదు. పోస్టర్ మీద ‘పదహారేళ్ళు దాటినవారికి’ అని వేస్తే సరి.

మన ఆంధ్రకి వచ్చాడా అని కూడా అడుగుతారు, అందులోనూ మీది గుంటూరు. లేని యాత్ర కల్పించకండి, ఉన్న సంబంధాలే గట్టివి. ఆయన చదివిన ద్రెపుంగ్ మఠాన్ని 1416లో కట్టారు. ద్రెపుంగ్ అంటే ధాన్యరాశి. ఆ పేరు మన ధాన్యకటకానిది, అంటే అమరావతిది. బుద్ధుడు కాలచక్ర తంత్రం ఉపదేశించింది అక్కడేనని టిబెట్ సంప్రదాయం నమ్ముతుంది. 2006 జనవరిలో దలైలామా అమరావతి వచ్చి కాలచక్ర దీక్ష ఇచ్చింది అందుకే. గెందున్ చోఫెల్ ఆఖరి గ్రంథం పేరులో ఉన్న నాగార్జునుణ్ణి మన శ్రీపర్వతంతో, నాగార్జునకొండతో ముడిపెట్టే సంప్రదాయమూ ఉంది. హాల్లో అమరావతి ఉత్సవానికి వెళ్ళినవాళ్ళు ఇద్దరుముగ్గురైనా ఉంటారు. చర్చ వాళ్ళతో మొదలుపెట్టించండి.

సమయం ఇలా వేసుకోండి: ముందుమాట 8 నిమిషాలు, సినిమా 97, మంచినీళ్ళకి 10, చర్చ 35. మొత్తం రెండున్నర గంటలు, హాలుని మూడు గంటలకి తీసుకోండి. విరామం సినిమా మధ్యలో పెట్టకండి, దారి వెంట నడిచే సినిమా కాబట్టి ఆగితే ఊపు పోతుంది. నిర్మాతకి ఉత్తరం ఈ వారమే పంపండి. సబ్‌టైటిళ్ళ మొదటి పది నిమిషాలు అయ్యాక ఇక్కడ పెడితే చూసి సవరణలు చెప్తాను.